గొట్టంలో చేను

పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారని అడిగితే, మట్టిని గొట్టాల్లో నింపేదాన్నని చెబుతాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు మాట మారుస్తారు. కాచిగూడలో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన మాత్రం, దానికి కూడా సర్కారు జీతం ఇస్తుందా అని నిజంగానే అడిగాడు. ఇచ్చింది. ఇప్పుడు పింఛను కూడా ఇస్తోంది.

నేను పనిచేసింది నాంపల్లిలో, స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక మట్టి పరీక్షల ల్యాబులో. రైతులు సంచుల్లో తెచ్చే మట్టిని చూసి, ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పే విభాగం కింది అంతస్తులో ఉండేది. మాది పైన. నేలలోకి దిగిన నీళ్లు ఎటు పోతాయి, ఎంత వేగంగా పోతాయి, పోతూ పోతూ ఎరువునో ఉప్పునో పురుగుమందునో ఎంత వెంట తీసుకుపోతాయి అన్నది చూడటం మా పని. నేల లోపలికి తొంగి చూడలేం కాబట్టి, నడుమెత్తు గొట్టంలో మట్టి నింపి, పైన నీళ్లు పోసి, కింద కారినవి సీసాల్లో పట్టి పరీక్షిస్తాం. మట్టి నిండిన ఆ గొట్టాన్నే కాలమ్ అంటాం.

ఈ మధ్య అక్కడ కొత్తగా చేరిన ఇద్దరు ఫోన్ చేసి, మేడం, కాలమ్ కట్టే వీడియో ఏమన్నా ఉందా అని అడిగారు. వీడియో లేదు. నాకు గుర్తున్నవి రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాయను. అవి ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసొస్తాయి.

నింపడం

నేను చేరిన రోజు నా పై అధికారి నర్సింగరావు సార్ ఒక గొట్టం, ఒక బకెట్ జల్లించిన మట్టి నా ముందు పెట్టి నింపమన్నారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, ఇదేం పని అనుకుంటూ, డబ్బాలో బియ్యం పోసినట్టు పోసేశాను. ఆయన పైనుంచి చెంబెడు నీళ్లు పోశారు. చూస్తుండగానే అవి కింద సీసాలోకి దిగిపోయాయి. నేను సంబరపడ్డాను.

“సరళా, నీళ్లు మట్టిల నుంచి పోలే. గోడ పట్టుకోని పోయినయ్. మట్టికి తెల్వనే తెల్వదు నీళ్లొచ్చినట్టు,” అన్నారు.

మొత్తం గుమ్మరించి మళ్లీ నింపమన్నారు. ఆ వారమంతా గుమ్మరించడం, నింపడం. చివరికి తెలిసిందేమిటంటే, మట్టిని ఒకేసారి పోయకూడదు. కొంచెం తడి చేసి, తూకం వేసి, పొరలు పొరలుగా పోయాలి. ఒక్కో పొరను చెక్క దిమ్మెతో సమంగా అదమాలి. అదిమిన పొర పైభాగాన్ని ఫోర్కుతో గీరి, ఆ తర్వాతే రెండో పొర వేయాలి. గీరకపోతే రెండు పొరలూ ఒకదానిపై ఒకటి పెట్టిన పళ్లేల్లా విడివిడిగా ఉండిపోతాయి, నీళ్లు మధ్యలో ఆగిపోతాయి. గొట్టం లోపలి గోడకు జిగురు రాసి ఇసుక చల్లితే నీళ్లు గోడ వెంట జారవు. అడుగున నైలాన్ గుడ్డ, దాని మీద కాస్త ఇసుక. పైన ఫిల్టర్ పేపరు, పోసిన నీళ్లు మట్టిలో గుంట చేయకుండా.

ఇంతే విద్య. చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. చేతికి రావడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. ఈ పనిలో విసుగు చాలా ఉంటుందని ముందే చెబుతున్నాను. విసుగొచ్చినప్పుడు ఒక పొర గీరకుండా వదిలేద్దామనిపిస్తుంది. ఆ పొర సంగతి ఎవరికీ తెలియదు కూడా. నెల తర్వాత వచ్చే అంకెల్లో మాత్రం అది కూర్చుని ఉంటుంది.

గొట్టాలు

మా గొట్టాలు ట్రూప్ బజార్‌లో కొనేవాళ్లం. నేనూ, టెక్నీషియన్ యాదగిరీ వెళ్లేవాళ్లం. యాదగిరిది నల్గొండ వైపు. ఏ సామానైనా కొట్టువాడి చేత ఇంకో రెండు ముక్కలు ఊరికే కోయించుకుని వచ్చే మనిషి. లోపల నిలువుగా ఒక్క గీత కూడా లేని గొట్టం కావాలని నేను ఒక్కోదాన్ని ఎండకెత్తి చూస్తుంటే, ఎన్ని బాత్రూముల ఇల్లు కడుతున్నారని కొట్టు యజమాని అడిగాడు. బాత్రూములు కాదు, మట్టి నింపుతామని యాదగిరి చెప్పాడు. ఆయన మమ్మల్ని ఇద్దర్నీ కాసేపు చూసి, ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా చాయ్ తెప్పించి, మట్టి ఎట్లుందని పరామర్శించేవాడు.

గొట్టం కింద బిగించే అడుగు పళ్లేలు అబిడ్స్‌లో నేమ్ బోర్డులు చేసే ఒక దుకాణంలో కోయించేవాళ్లం. డాక్టర్ల పేర్లు, వకీళ్ల పేర్లు చెక్కే అక్రిలిక్ షీటు మీదే మాకు గుండ్రంగా కోసి, చిల్లులు పెట్టి ఇచ్చేవాళ్లు. ఒకసారి మా కాలమ్ కింద ఎవరో చర్మవ్యాధుల డాక్టరు గారి సగం పేరు వచ్చింది. ప్రయోగానికి ఏమీ అడ్డు రాలేదు.

గాలి

పొడి కాలమ్‌ను మొదటిసారి తడిపేటప్పుడు నీళ్లు పైనుంచి పోయకూడదు. కింద ట్యూబు తగిలించి, నిదానంగా అడుగు నుంచి పైకి ఎక్కించాలి. అప్పుడు మట్టిలో ఉన్న గాలి పైకి తప్పుకుంటుంది. పైనుంచి పోస్తే మధ్యలో చిక్కుకుంటుంది.

ఒకసారి బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. నర్సింగరావు సార్ ఇంకా రాలేదు. అధికారి గారికి నీళ్లు కారడం వెంటనే చూడాలని ఉంది. మా ఆఫీసు సూపరింటెండెంట్ కంగారుపడి, యాదగిరి చేత పొడి కాలమ్‌లో పైనుంచే నీళ్లు పోయించాడు. అధికారి వంగి గొట్టంలోకి చూస్తున్నారు. లోపల ఒక గురక వినిపించింది. ఆ వెంటనే ఎర్రటి బుడగ ఒకటి పైకి లేచి, ఆయన చొక్కా మీద పగిలింది. అదే సమయానికి సార్ గుమ్మంలోకి వచ్చారు.

“గాలి సార్ గది. తొవ్వ దొరక్క పైకొచ్చింది,” అన్నారు, రుమాలు అందిస్తూ.

అధికారి మంచివారు. ఇంటికి వెళ్లి చొక్కా మార్చుకుని మళ్లీ వచ్చి, కింద నుంచి తడిపే పద్ధతి మొత్తం కూర్చుని చూశారు.

కిటికీ బయట

నాంపల్లిలో మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వుతున్న రోజుల్లో మా కాలమ్‌లన్నీ మొరాయించాయి. నీళ్లు రోజురోజుకూ నెమ్మదిస్తున్నాయి. మట్టిలో బంక ఎక్కువైందని నేను, నీళ్లలో ఉప్పు తేడా ఉందని సార్, వారాల తరబడి వాదించుకున్నాం. మట్టి మార్చాం, నీళ్లు మార్చాం. ఏం మార్చినా అదే వరుస.

ఒక మధ్యాహ్నం భోజనాలు చేస్తుంటే యాదగిరి చారు గిన్నెలో అలలు లేస్తున్నాయి. రోడ్డు మీద మిషన్ ఆగితే అలలు ఆగుతున్నాయి. ముగ్గురం చేతులు కడుక్కోకుండానే వెళ్లి గొట్టాలను కొలిచాం. మట్టి వేలి మందం కిందికి కుంగి ఉంది. మేం అంత జాగ్రత్తగా అదిమిన మట్టిని రోడ్డు మీద మిషన్ ఇంకా గట్టిగా అదుముతోంది. సోఫాల్లో వేసే స్పాంజి తెచ్చి కాలమ్‌ల కింద పెట్టి, అన్నీ కొత్తగా నింపుకున్నాం.

నెమ్మదించిన నీళ్లకు కారణం గొట్టంలోనే ఉంటుందని అనుకోకండి. ముందు కిటికీ తెరిచి చూడండి.

రంగుల ఫ్యాక్టరీ

ఇక అసలు సంగతి. అది కూడా మెట్రో గుంతలు తవ్విన ఆ ఏడాది ఎండాకాలంలోనే.

నగరం బయట బట్టల రంగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉండేది. వాడిన నీళ్లను శుద్ధి చేసి, చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లోకి వదులుతామని అనుమతి అడిగింది. మిగిలిన కాస్త రంగును రేగడి పట్టి ఉంచుతుందని, కింద బావుల్లోకి దిగనివ్వదని వాళ్లు చెప్పారు. అది నిజమో కాదో తేల్చమని అధికారులు మాకు అప్పగించారు.

అక్కడి మట్టి తెప్పించి, ఆరబెట్టి, దంచి, జల్లించి, కాలమ్‌లు కట్టాం. ఫ్యాక్టరీ పంపిన నీళ్లు పోశాం. కింద తేటగా కారాయి. మళ్లీ మళ్లీ చేసినా అంతే. అంత చక్కటి కాలమ్‌లు మేం ఎప్పుడూ కట్టలేదు. సార్ ముఖం వెలిగిపోయింది. ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటుంటే అది ఇదే. చక్కగా కుదిరిన ప్రయోగాన్ని ఆయన ప్రేమించేవారు. ప్రేమించినదాన్ని అనుమానించడం ఆయనకు కష్టం.

ఫ్యాక్టరీ మేనేజరు మర్యాదస్తుడు, వచ్చినప్పుడల్లా చేతులు జోడించేవాడు. ఫికర్ చేయకండి, రిపోర్టు మంచిగానే వస్తుందని సార్ అతనికి మాటిచ్చారు. కాలమ్ కింద కారిన తేట నీళ్లు ఒక సీసాలో పోయించుకుని అతను సంతోషంగా వెళ్లాడు.

ఇంకొంచెం మట్టి కావాల్సి వచ్చి నేనూ యాదగిరీ ఆ చేనుకు వెళ్లాం. అది లచ్చవ్వ అనే ముసలామెది. చేను గట్టునే ఆమె బావి. ఆమె ఇల్లూ, పక్కన ఇంకో నాలుగు ఇళ్లూ ఆ నీళ్లే తాగుతాయి. నేను చేను మధ్యలోకి వెళ్లి నిలబడిపోయాను. నేలంతా నెర్రెలు వాసి ఉంది. చెయ్యి పట్టేంత చీలికలు. చేతిలో ఉన్న పొడుగాటి స్కేలు ఒక నెర్రెలోకి దింపితే అడుగు తగల్లేదు. తాగే నీళ్ల సీసా వంచి పోశాను. నీళ్లు అటూ ఇటూ పారలేదు, నిలవలేదు. లోపలికి పోయాయి, అంతే.

మా గొట్టాల్లో ఈ నెర్రెలు లేవు. వాటిని మేమే దంచి జల్లెడ పట్టేశాం.

సార్ వాదన

ఆ సాయంత్రమే సార్‌తో మాట్లాడాను. మట్టిని దంచకుండా, నేలలో ఎట్లా ఉందో అట్లాగే గొట్టం ఆకారంలో చెక్కి తెచ్చి చూద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాటల్లో పస ఉందని ఇప్పటికీ అంటాను. అట్లా తెచ్చిన ఏ రెండు కాలమ్‌లూ ఒకేలా ఉండవు, రేపు ఇంకెవరైనా చేసి సరిచూసుకోలేరు అన్నారు. వానపడితే రేగడి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి అన్నారు. మూసుకునే లోపు దిగిన నీళ్ల మాటేమిటని నేనడిగాను. దానికి ఆయన ఇంకో ప్రశ్న వేశారు.

“చెక్కిన మట్టికి, గొట్టానికి మధ్యల సందు ఉంటది. నీళ్లు గా సందులకెల్లి పోయినయా, నెర్రెలకెల్లి పోయినయా, నాకెట్ల తెలుస్తది? సాఫ్ చూపియ్యి. చూపియ్యకుంటే నా రిపోర్టు నేను పంపుత.”

ఫ్యాక్టరీ అనుమతి మీద లచ్చవ్వ ఊళ్లో జరగాల్సిన విచారణకు ఎక్కువ రోజుల్లేవు. మర్నాడే వెళ్లి ఒక కాలమ్ చెక్కి తెచ్చాం. నీళ్లు పోయిన దారి కనపడేలా నీలి రంగు కలిపి పోస్తే చూస్తుండగానే కింద నీలంగా కారింది. గెలిచాననుకున్నాను. గొట్టం చీల్చి, మట్టిని కేకులా అడ్డంగా కోశాం. మధ్యలో మట్టి నల్లగానే ఉంది. నీలం మాత్రం అంచున, గోడ వెంబడి, చేతి గాజులా గుండ్రంగా ఉంది. సార్ చెప్పిందే జరిగింది. ఆయన నన్నేమీ అనలేదు. చాయ్ తాగడానికి కిందికి వెళ్లిపోయారు. అన్నా బాగుండేదనిపించింది.

ఆ సందును ఏదో ఒకదానితో పూడ్చాలి. సిమెంటు పోస్తే దాని తడికి మట్టి ఉబ్బుతుంది. యాదగిరి కొవ్వొత్తి మైనం అన్నాడు. కాచి పోస్తే సందంతా నిండి గడ్డకడుతుంది, నీటిని రానివ్వదు. కానీ వేడి మైనం నెర్రెల్లోకి కూడా పోతుంది కదా అన్నాను. ఇద్దరం దానికి ఉపాయం ఆలోచిస్తూ అబిడ్స్ దాకా నడిచాం. ఒక మందుల షాపు ముందు చేతికి కట్టు కట్టించుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. నేరుగా లోపలికి వెళ్లి, షాపులో ఉన్న కట్టు గుడ్డ చుట్టలన్నీ కొన్నాం.

మళ్లీ చేనుకు వెళ్లి, మట్టిని మూరెడు స్తంభాల్లా చెక్కి, మైనం నెర్రెల్లోకి దిగకుండా ఒక్కోదానికి గట్టిగా గుడ్డ చుట్టి, పైనుంచి గొట్టం దించి, మధ్యలో మైనం పోశాం. రెండు విరిగిపోయాయి. ఐదు నిలిచాయి. లచ్చవ్వ గట్టు మీద కూర్చుని అంతా చూసింది.

“మన్నుకు గూడ దెబ్బ తాకిందా బిడ్డా, కట్లు కడుతున్నవ్?” అంది.

ఎందుకో చెప్పాను. ఆమె నవ్వు ఆపి బావి వైపు చూసింది.

“మాకు గిదొక్కటే బాయి. రంగు దిగుతదా లేదా, నిజం జర ముందుగాల చెప్పున్రి. దిగినంక చెప్తే ఏం లాభం?”

కుదుపులకు మట్టి చెదిరిపోతుందని కాలమ్‌లను జీపులో కింద పెట్టలేదు. పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని వచ్చాం. చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక కానిస్టేబుల్ లోపలికి తొంగి చూసి, ఏముంది అందులో అని అడిగాడు. చేను అని చెప్పాడు యాదగిరి. వెనక చాలా వాహనాలు ఆగి ఉన్నాయి, కానిస్టేబుల్ పొమ్మన్నాడు.

కోత

తాను వచ్చేదాకా కోయొద్దని సార్ ముందే చెప్పారు. నీలి నీళ్లు పోసి, కారనిచ్చి, మర్నాడు ఉదయం ఆయన ముందు మొదటి కాలమ్ చీల్చాం. మైనం తెల్లగా ఉంది. ఎక్కడా నీలపు చుక్క లేదు. మొదటి ముక్క కోశాను. మట్టి మధ్యలో నెర్రె వెంట నీలి గీత. రెండో ముక్కలో అదే గీత. అట్లా అడుగు దాకా ఉంది.

సార్ నా చేతిలో కత్తి తీసుకుని రెండో కాలమ్ తానే కోశారు. మూడోదీ తానే కోశారు. రెండింటిలోనూ అదే నీలి గీత. ఒక్కో ముక్కనూ వెలుతురుకు తిప్పి చూశారు. తర్వాత స్టూలు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నారు.

“వాళ్లకు మాటిచ్చిన సరళా.”

“జల్లెడ పట్టిన మట్టిని చూసి ఇచ్చిన్రు సార్. గిప్పుడు చేనును చూసిన్రు,” అన్నాను.

ఆయన మిగిలిన రెండింటినీ పక్కన పెట్టించి, పాత రిపోర్టు పక్కకు తోసి, కొత్తది రాయడం మొదలుపెట్టారు.

విచారణ ఆ ఊరి బడి వరండాలో జరిగింది. సార్ చెప్పడం పూర్తికాగానే మేనేజరు లేచి, తన సంచిలోంచి ఆ తేట నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఇవి మీ ల్యాబులో కారిన నీళ్లే కదా, రిపోర్టు మంచిగా వస్తుందని చెప్పింది మీరే కదా అని అడిగాడు. గొంతు పెంచలేదు. అది అతని హక్కే. అధికారులు సార్ వైపు తిరిగారు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

“నీళ్లు మావే. మాట గూడ నాదే,” అన్నారు సార్. “కని ఆ కాలమ్‌ల ఉన్న మట్టి ఈ చేన్ల లేదు. చేను చూడకముందే మాటిచ్చిన. తప్పు చెప్పిన.”

వెనక వరసల్లో కొందరు పకపకా నవ్వారు. ఇంత పెద్ద సారు ఇట్లా మాట మారుస్తాడా అని ఎవరో పైకే అన్నారు. సార్ వాళ్ల నవ్వు అయ్యేదాకా నిలబడి, ఆ తర్వాత కూర్చున్నారు. నిర్ణయం తర్వాత చెబుతామని అధికారులు లేచారు.

మిగిలిన రెండు

తిరిగి వస్తూ నాంపల్లిలో చాయ్ తాగుతున్నప్పుడు, మిగిలిన రెండు కాలమ్‌లు కూడా రేపు కోద్దామన్నారు సార్. రిపోర్టు ఇచ్చేశాం కదా సార్ అన్నాను. తనకింకా షక్ ఉందని, అనుమానం తీరలేదని అన్నారు.

కోశాం. ఒకదానిలో నెర్రె వెంట నీలం అడుగు దాకా ఉంది. రెండోదానిలో నీలం పైన జానెడు దాకా దిగి ఆగిపోయింది. ఆ ముక్కలో నెర్రె లేదు. ఆ మట్టి రంగును పట్టి ఉంచింది, ఫ్యాక్టరీ వాళ్లు చెప్పినట్టే. యాదగిరి నన్ను చూశాడు. నేను లచ్చవ్వ బావిని తలుచుకున్నాను. ఇది ఇప్పుడు పంపితే మేనేజరు దీన్నే పట్టుకుంటాడని సార్‌తో అన్నాను.

“పట్టుకోనియ్యి. దీన్ని గూడ రాయి,” అన్నారు.

నాకు చేతులు రాలేదు, అయినా రాశాను. ఐదింటిలో నాలుగు దింపాయి, ఒకటి ఆపింది అని ఉన్నదున్నట్టు రాసి పంపాం. మేనేజరు అనుకున్నట్టే ఆ ఒక్కదాన్ని పట్టుకుని మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఆ ఒక్క కాలమ్ వల్ల బావి పోతే, నిజం రాశామన్న తృప్తి నాకేం మిగులుతుందని సార్‌ను ఒకసారి అడిగాను కూడా. తనకూ తెలియదన్నారు.

వానలు మొదలయ్యాక ఉత్తర్వు వచ్చింది. చేలల్లోకి నీళ్లు వదలడానికి వీల్లేదని, ఫ్యాక్టరీ ఆవరణలోనే అడుగున ప్లాస్టిక్ పరిచిన చెరువుల్లో నిలవ చేసుకోవాలని అందులో ఉంది. యాదగిరి వెంటనే లచ్చవ్వ ఇంటికి ఫోన్ కలిపాడు. కబురు విని ఆమె పెద్ద సారుకు ఫోన్ ఇవ్వమంది. యాదగిరి స్పీకర్ పెట్టి సార్ చేతికిచ్చాడు.

“సారూ, గా దినం బడికాడ మిమ్మల్ని చూసి అందరు నవ్విన్రు,” అంది. “నేను నవ్వలే.”

సార్ సరేనమ్మా అన్నారు. ఫోన్ యాదగిరి చేతికిచ్చి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అవి పెట్టుకుని, ఆ పూట కట్టాల్సిన కాలమ్ దగ్గరికి వెళ్లి, ఫోర్కుతో పొరను గీరడం మొదలుపెట్టారు.